ఎడారి, సౌరవిద్యుత్తు, 'బంజరు' అన్న మాట

సౌరవిద్యుత్తు గురించీ ఎడారి భూముల గురించీ ఒక సాహిత్య విమర్శ పత్రికలో రాయడమేమిటని పాఠకులకు అనుమానం రావచ్చు. అది ఇంజనీర్ల పని, పర్యావరణ శాస్త్రజ్ఞుల పని, మహా ఐతే న్యాయస్థానాల పని అని మనలో చాలామంది అభిప్రాయం. ఐతే ఈ వివాదాన్ని కొంతకాలంగా గమనిస్తున్న నాకు ఒక విషయం స్పష్టంగా కనబడుతున్నది. యంత్రాలు దిగకముందే, కోర్టులు కూర్చోకముందే ఈ వివాదంలో సగం తీర్పు జరిగిపోతున్నది. ఆ తీర్పు చెప్పేది ఒక మాట. ఆ మాట 'బంజరు'. మాటకు అర్థం ఎలా ఏర్పడుతుందో, ఎవరి అవసరం కోసం మారుతుందో పరిశీలించడం సాహిత్య విద్యార్థి చేయవలసిన పనే. కనక ఈ వ్యాసం ఇక్కడ అసందర్భం కాదని భావిస్తున్నాను.

ముందు సమస్యను సమస్యగా చెప్పుకుందాం. మన దేశంలో తయారయ్యే విద్యుత్తులో సగానికి మించి, చాలా ఎక్కువ భాగం, నేటికీ బొగ్గు నుంచే వస్తున్నది. బొగ్గు ఏం చేస్తుందో తెలుగు పాఠకులకు కొత్తగా చెప్పనక్కరలేదు. సింగరేణి ఓపెన్‌కాస్టుల కింద పోయిన ఊళ్లూ, ఆ దుమ్ములో బతికే కుటుంబాలూ మన కథల్లోకి ఇదివరకే వచ్చాయి. భూమి వేడెక్కి వానలు లెక్క తప్పినప్పుడు ముందుగా దెబ్బ తినేది మెట్టరైతూ, కూలీ అన్నది కూడా మనకు అనుభవంలో ఉన్నదే. కనక బొగ్గును తగ్గించి సూర్యరశ్మి నుంచీ గాలి నుంచీ విద్యుత్తు తీసుకోవాలన్న విధానాన్ని నేను పూర్తిగా సమర్థిస్తాను. 2030 నాటికి శిలాజేతర ఇంధనాల సామర్థ్యాన్ని 5 లక్షల మెగావాట్లకు పెంచుతామని 2021లో గ్లాస్గో సదస్సులో భారత ప్రభుత్వం ప్రకటించింది. 2025 జనవరి నాటికి ఒక్క సౌరవిద్యుత్ స్థాపిత సామర్థ్యమే లక్ష మెగావాట్లు దాటింది. ఇది చిన్న విషయమేమీ కాదు.

ఐతే ఎండ ఉచితమే గాని, దాన్ని పట్టే పలకలకు నేల కావాలి. పెద్ద సోలారు పార్కుల్లో మెగావాటుకు ఇంచుమించు 5, 6 ఎకరాలు పడుతున్నది. రాజస్థాన్‌లోని భడ్లా పార్కు సామర్థ్యం 2,245 మెగావాట్లు. అది ఆక్రమించిన నేల సుమారు 14 వేల ఎకరాలు. ఒకనాటి జోధ్‌పూర్ జిల్లాలో, నేటి ఫలోదీ జిల్లాలో ఉన్న ఈ పార్కు ప్రపంచంలోని అతి పెద్ద సోలారు పార్కుల్లో ఒకటి. 2024 నాటికి రాజస్థాన్ సౌరవిద్యుత్ సామర్థ్యం 20 వేల మెగావాట్లు దాటింది. అందులో సింహభాగం పశ్చిమాన ఉన్న థార్ ఎడారి జిల్లాల్లోనే ఉన్నది.

ఎడారినే ఎందుకు ఎంచుకున్నారు? ఏడాదిలో 300 రోజులకు పైగా ఎండ ఉంటుంది, నేల చదునుగా ఉంటుంది, చెట్ల నీడ అడ్డురాదు అన్నవి అందరూ చెప్పే కారణాలు. ఇవి నిజమైన కారణాలే. కాని వీటితో సమానమైన బలం గల కారణం ఇంకొకటి ఉన్నది. ఆ నేలలో ఎక్కువ భాగం కాగితం మీద ప్రభుత్వానిది. వందమంది రైతులతో బేరం ఆడనక్కరలేదు. ఒక ఉత్తర్వుతో వేల ఎకరాలు చేతులు మారతాయి. కాగితం మీద ప్రభుత్వానిదైన ఆ నేల, కాలి కింద ఎవరిది? అసలు ప్రశ్న ఇది.

థార్ ప్రపంచంలోకెల్లా అత్యంత జనసాంద్రత గల ఎడారుల్లో ఒకటి అన్న సంగతి మన పాఠ్యపుస్తకాలు చదివినవాళ్లకు ఆశ్చర్యం కలిగించవచ్చు. జైసల్మేర్‌లో ఏడాదికి కురిసే వాన 20 సెంటీమీటర్లు మించదు. పోల్చి చూడాలంటే, మన కరువుకు పర్యాయపదంగా మారిన అనంతపురంలో సుమారు 55 సెంటీమీటర్లు. ఆ కొద్దిపాటి వానతోనే అక్కడి జనం శతాబ్దాలుగా పశువుల్ని మేపుతున్నారు, పంటలు తీస్తున్నారు, పాటలు కడుతున్నారు. హిందీ రచయిత అనుపమ్ మిశ్ర 1995లో వెలువరించిన 'రాజస్థాన్ కీ రజత్ బూందే' అన్న పుస్తకం ఈ నీటి విద్య మీదనే రాసింది. వాన తక్కువైన చోట మేఘానికి ఎన్ని పేర్లున్నాయో ఆయన ఏరి చూపించాడు. విజయ్‌దాన్ దేథా జోధ్‌పూర్ దగ్గరి బోరుందా అనే పల్లెలో కూర్చుని ఆ ఎడారి జనం చెప్పుకునే కథల్ని సంపుటాలుగా తిరగరాశాడు. 1974లో ఆయనకు కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం వచ్చింది. ఇంత కథా, ఇంత పాటా పుట్టిన నేలను ఖాళీ అనడం ఎలా కుదురుతుంది?

ఆ నేల పనిచేసే తీరు కూడా చూడాలి. జైసల్మేర్ ఇసుకలో సేవణ్ అనే గడ్డి పెరుగుతుంది. ఇది ఏళ్ల తరబడి బతికే గడ్డి. దాని వేళ్లు లోతుకు పోయి ఇసుకను కదలకుండా పట్టుకుంటాయి. థార్‌పార్కర్ జాతి ఆవులకు అదే మేత. రోలర్లతో చదును చేసి గడ్డి దుబ్బుల్ని తవ్వివేస్తే ఇసుకకు పట్టు పోతుంది. గాలి లేచినప్పుడు ఆ ఇసుకే వచ్చి సోలారు పలకల మీద పడుతుంది. పలకల్ని కడగడానికి నీళ్లు కావాలి. నీళ్లు లేని చోట నీళ్ల ఖర్చును ఈ విధంగా మనమే పెంచుకుంటున్నాం. ఇటీవల నీళ్లు లేకుండా తుడిచే యంత్రాలు వాడకంలోకి వచ్చాయి గాని, గడ్డిని ఉండనిస్తే ఆ దుమ్మే కొంత తగ్గును గదా!

ఎడారిలో ఖేజ్రీ అనే చెట్టు ఉన్నది. దాని ఆకు మేకలకూ ఒంటెలకూ మేత. దాని కాయలు, అంటే సాంగ్రి, మనుషులకు కూర. దాని వేళ్లు నేలకు నత్రజనిని అందిస్తాయి గనక చెట్టు కింద సజ్జ కూడా పండుతుంది. ఈ ఖేజ్రీ పరాయి చెట్టేమీ కాదు. మనం దసరానాడు పూజ చేసి, ఆకును బంగారమని పెద్దల చేతుల్లో పెట్టే జమ్మిచెట్టే. రాజస్థాన్‌కూ తెలంగాణకూ కూడా అదే రాష్ట్ర వృక్షం. 1730లో జోధ్‌పూర్ రాజుగారి కోట పనికి ఈ చెట్లు నరకవచ్చినప్పుడు ఖేజడ్లీ గ్రామంలో అమృతాదేవి మొదలుగా 363 మంది బిష్ణోయీలు చెట్లను కౌగిలించుకుని ప్రాణాలిచ్చారు. ఇటీవలి సంవత్సరాల్లో బీకానేర్ ప్రాంతంలో సోలారు ప్లాంట్ల కోసం ఖేజ్రీలను నరుకుతున్నారని అదే బిష్ణోయీలు మళ్లీ ఆందోళనకు దిగారు. ఆనాడు నరికించింది కోట. ఈనాడు నరికిస్తున్నది పర్యావరణానికి మేలు చేసే పథకం. ఈ వైరుధ్యాన్ని మన రచయితలు పట్టించుకోవలసి ఉన్నది.

ఇక ఓరణ్‌ల సంగతి. ఊరి దేవత పేరనో, వీరుడి పేరనో ప్రజలు విడిచిపెట్టిన అడవినీ మేతబీడునీ కలిపి పశ్చిమ రాజస్థాన్‌లో ఓరణ్ అంటారు. అక్కడ గొడ్డలి పెట్టకూడదు. పశువు మేయవచ్చు, నీళ్లు తాగవచ్చు. రాష్ట్రంలో సుమారు 25 వేల ఓరణ్‌లు, 6 లక్షల హెక్టార్ల మేరకు ఉంటాయని అంచనా. వీటిలో చాలావాటికి ఊరి నోట హక్కు ఉన్నది గాని, రెవెన్యూ రికార్డులో ఓరణ్ అన్న పేరు లేదు. రికార్డులో అవి ప్రభుత్వ బంజర్లు. జైసల్మేర్‌లోని దేగ్‌రాయ్ ఓరణ్ వంటి చోట్ల కరెంటు తీగలు దిగింది అందుచేతనే. మా ఓరణ్‌ను ఓరణ్ అని రాయండి అని అక్కడి ప్రజలు ఏళ్ల తరబడి అర్జీలు పెట్టుకుంటున్నారు, పాదయాత్రలు చేస్తున్నారు. 2024 డిసెంబరులో సుప్రీంకోర్టు ఓరణ్‌లను సర్వే చేసి, పటాలు తయారుచేసి, అడవులుగా గుర్తించమని రాజస్థాన్ ప్రభుత్వాన్ని ఆదేశించింది. ఒక మాటను రికార్డులోకి ఎక్కించడానికి సర్వోన్నత న్యాయస్థానం దాకా పోవలసి వచ్చిందంటే మాటకున్న శక్తి ఎంతో గ్రహించవచ్చు.

ఈ వివాదం పత్రికలకు ఎక్కింది మాత్రం ఓరణ్ వల్ల కాదు, ఒక పక్షి వల్ల. మన వైపు దాన్ని బట్టమేకపిట్ట అంటారు. పదిహేను కిలోల దాకా తూగే బరువైన పక్షి. దాని కళ్లు తలకు రెండు పక్కలా ఉంటాయి గనక ఎదురుగా ఉన్న తీగ దానికి సరిగా కనబడదు. కనబడేసరికి పక్కకు తిరగడానికి బరువు అడ్డువస్తుంది. సాధారణంగా ఏడాదికి ఒక్క గుడ్డే పెడుతుంది. దేశంలో ఇప్పుడు మిగిలినవి 200 లోపే; వాటిలో ఎక్కువ భాగం జైసల్మేర్ చుట్టుపక్కల ఉన్నవే. థార్‌లో 4,200 చదరపు కిలోమీటర్ల మేర కరెంటు తీగలకు తగిలి ఏడాదికి సుమారు 84 వేల పక్షులు చస్తున్నాయని భారత వన్యప్రాణి సంస్థ శాస్త్రజ్ఞులు లెక్క గట్టారు. వాటిలో బట్టమేకలు సుమారు 18. వందకు కాస్త పైగా మిగిలిన జాతిలో ఏటా 18 పోతే ఆ జాతి ఎన్నాళ్లు నిలుస్తుందో లెక్క వేయడం కష్టం కాదు.

1972 నాటి వన్యప్రాణి రక్షణ చట్టం రూపకల్పనలో ముఖ్యపాత్ర వహించిన ఎం.కె. రంజిత్‌సింహ్ 2019లో ఈ పక్షి కోసం సుప్రీంకోర్టుకు వెళ్లాడు. 2021 ఏప్రిల్ 19న కోర్టు, పక్షి తిరిగే ప్రాంతాల్లో తీగల్ని వీలైనంతవరకు భూమి కిందికి మార్చమనీ, మిగతావాటికి పక్షుల కంటపడే బిళ్లలు తగిలించమనీ ఆదేశించింది. ఆ ప్రాంతం సుమారు 99 వేల చదరపు కిలోమీటర్లు. హైటెన్షన్ తీగల్ని అంత దూరం భూగర్భంలో వేయడం సాధ్యం కాదనీ, దాంతో బొగ్గును తగ్గించే లక్ష్యమే దెబ్బతింటుందనీ కేంద్ర ప్రభుత్వం వాదించింది. 2024 మార్చి 21న కోర్టు తన పాత ఉత్తర్వును సడలించి నిపుణుల సంఘాన్ని వేసింది. వాతావరణ మార్పు దుష్ఫలితాల నుంచి రక్షణ పొందడం పౌరుల ప్రాథమిక హక్కులో భాగమని కూడా ఆ తీర్పులోనే చెప్పింది. 2025 డిసెంబరులో ఆ సంఘం సిఫార్సుల్ని అంగీకరించి, రాజస్థాన్‌లో సుమారు 14 వేల చదరపు కిలోమీటర్లను పక్షికి ముఖ్యమైన ప్రాంతంగా నిర్ణయించింది.

ఈ క్రమాన్ని చదివినప్పుడు నాకు తోచిన లోటు ఒకటి ఉన్నది. ఒక పక్క పక్షి, మరొక పక్క దీపం అన్నట్లుగా వాదం నడిచింది. ఆ రెంటికీ మధ్య నిలబడ్డ పశువుల కాపరి అందులో కనబడడు. పక్షి బతకాలంటే గడ్డి ఉండాలి. గడ్డి ఉండాలంటే దాన్ని హద్దులో ఉంచి మేపుకునే కట్టుబాటు ఉండాలి. ఆ కట్టుబాటు పేరే ఓరణ్. పక్షినీ కాపరినీ విడదీసి చూసినంతకాలం, పక్షికి కంచె వేసి ఒక చోటా, పలకలకు కంచె వేసి మరొక చోటా కాపరిని వెళ్లగొట్టడమే జరుగుతుంది.

ఇప్పుడు మాట దగ్గరికి వద్దాం. నేలను 'వేస్టు' అనడం ఇంగ్లీషువాళ్ల రెవెన్యూ లెక్కల్లో స్థిరపడిన అలవాటు. శిస్తు రాని నేల వాళ్ల దృష్టిలో వ్యర్థమైన నేల. మేత, కట్టెపుల్ల, కుంకుడుకాయ, తేనె, ఆకు అలములు - ఇవేవీ శిస్తు కింద లెక్కకు రావు గనక ఆ నేల ఏమీ ఇవ్వనట్లే. స్వాతంత్ర్యం వచ్చాక కూడా ఆ గడి చెరగలేదు. 2000లో హైదరాబాదులోని జాతీయ రిమోట్ సెన్సింగ్ సంస్థ, కేంద్ర గ్రామీణాభివృద్ధి శాఖ కలిసి దేశంలోని బంజరు భూముల పటసంపుటిని వెలువరించాయి. 2019లో వచ్చిన సంపుటి ప్రకారం 5 కోట్ల 57 లక్షల హెక్టార్లు, అంటే దేశ విస్తీర్ణంలో దాదాపు 17 శాతం, ఈ కోవలోకి వస్తాయి. పొదల నేలలూ, ఎడారి ఇసుకలూ అందులో ఉన్నాయి. ఉపగ్రహానికి పచ్చదనం కనబడుతుంది, మేతహక్కు కనబడదు. శాస్త్రజ్ఞుల శ్రమను నేను తక్కువ చేయడం లేదు. వాళ్లు కొలవమన్నదాన్ని కొలిచారు. కొలతకు పెట్టిన పేరును గురించే నా అభ్యంతరం.

మన భాషలో ఏం జరిగిందో చూడండి. పోరంబోకు అంటే శిస్తుకు వెలిగా ఉంచిన ఊరుమ్మడి నేల: చెరువుగట్టు, వాగు ఒడ్డు, మందబయలు, శ్మశానం. అందరికీ చెందిన నేల అన్న అర్థం పోయి, నేడు పోరంబోకు అంటే పనీపాటా లేకుండా తిరిగే మనిషిని తిట్టే తిట్టుగా మిగిలింది. 'మరు' అంటే ఎడారి. ఆ మాట నుంచే మార్వాడ్ అన్న పేరు వచ్చింది. అక్కడివాళ్లకు అది జన్మభూమి పేరు. మనకు మరుభూమి అంటే శ్మశానం. ఇక ఎడారి అన్న మాట మన కవిత్వంలో ఎక్కడ వచ్చినా ఒంటరితనానికో, ప్రేమ లేని బతుకుకో, నిష్ఫలమైన శ్రమకో గుర్తుగా వస్తుంది. దానికి తోడుగా ఒక ఎండమావి, ఒక ఒయాసిస్సు. ఎడారిలో నివసించే మనిషి మాత్రం రాడు. ఉపమానానికి పనికివచ్చిన ఎడారి, ఊరుగా మన ఊహలోకి రాలేదు.

నేను తొమ్మిదో తరగతి పిల్లలకు తెలుగు చెబుతాను. పరీక్షల్లో సొంతవాక్యాల ప్రశ్న ఒకటి ఉంటుంది. 'బంజరు' అన్న మాట ఇచ్చినప్పుడు చాలామంది 'బంజరు భూమి పనికిరానిది' అని రాస్తారు. ఒక సంవత్సరం గొర్రెలకాపరుల ఇంటి నుంచి వచ్చే పిల్ల ఒకతె 'మా గొర్రెలు బంజరులో మేస్తాయి' అని రాసింది. రెంటికీ మార్కులు సమానమే. కాని మొదటి వాక్యం పుస్తకం నేర్పింది. రెండవది బతుకు నేర్పింది. విమర్శకుడు ఈ రెండు వాక్యాల మధ్య తేడాను చెప్పగలగాలి.

బంజరు అన్న మాటకు మన నేల మీద మరొక చరిత్ర కూడా ఉన్నది. తెలంగాణ రైతాంగ పోరాటంలో బంజర్లను ఆక్రమించి పేదలకు పంచారు. ఆ తరువాతి దశాబ్దాల్లో కూడా బంజర్లు పేదలకు పంచాలన్నది భూమి పోరాటాల ముఖ్య నినాదం. అక్కడ బంజరు అంటే పనికిరాని నేల అని కాదు; దొర చేతి నుంచో, సర్కారు చేతి నుంచో పేదవాడికి దక్కవలసిన నేల అని. ఇప్పుడు అదే మాట పట్టుకుని, అదే నేలను, పాతికేళ్ల కౌలు మీద కంపెనీలకు ఇస్తున్నారు. మాట మారలేదు, దాని వెనకనున్న ప్రయోజనం మారింది. అభ్యుదయ రచయితలకు ఇది పరిశీలించదగిన విషయం.

థార్ మనకు దూరమని అనుకోనక్కరలేదు. నందికొట్కూరు దగ్గరి రోళ్లపాడు బీళ్లలో బట్టమేకపిట్ట ఉండేది. 1988లో దాని కోసం అక్కడ అభయారణ్యం ఏర్పాటు చేశారు. చుట్టూ కాలువలు వచ్చి, పంటలు మారి, బీడు తగ్గిపోయాక ఆ పిట్ట అక్కడ కనిపించడం దాదాపు ఆగిపోయింది. రోళ్లపాడులో పిట్టను పోగొట్టింది సోలారు కాదన్నది గుర్తుంచుకోవాలి. బీడును బీడుగా లెక్కించకపోవడమే అక్కడా, ఇక్కడా కారణం. ఆనాటి కర్నూలు జిల్లాలోనే గని, శకునాల గ్రామాల దగ్గర 2017లో 1,000 మెగావాట్ల సోలారు పార్కు పూర్తయింది. దాని కింద సుమారు 6 వేల ఎకరాలు.

అనంతపురం సరిహద్దుకు ఆనుకుని, తెలుగు మాట్లాడేవాళ్లు చాలామంది ఉన్న పావగడలో కర్ణాటక ప్రభుత్వం మరొక పద్ధతి పాటించింది. 2019 చివరికి పూర్తయిన ఆ 2,050 మెగావాట్ల పార్కుకు 13 వేల ఎకరాలు కొనలేదు. రైతుల దగ్గర 28 ఏళ్లకు కౌలుకు తీసుకున్నారు. ఎకరాకు ఏడాదికి 21 వేల రూపాయలు, రెండేళ్లకొకసారి 5 శాతం పెంపు. వాన నమ్ముకుని వేరుశనగ వేసి నష్టపోయే రైతుకు ఇది మేలే. భూమి అతని పేరనే ఉంటుంది. ఐతే భూమి ఉన్నవాడికి కౌలు వచ్చింది. ఆ భూమిలో కలుపు తీసే కూలీకి పని పోయింది, కోత అయ్యాక ఆ చేలలో మందను తోలుకునే కాపరికి మేత పోయింది. వాళ్లకు కౌలు చీటీ లేదు. భూస్వామ్యం గురించి ఎంతో రాసిన మనం, సోలారు కంచె వెలుపల నిలబడ్డ ఈ భూమి లేని మనిషిని గురించి రాసింది చాలా తక్కువ. విద్వాన్ విశ్వం 'పెన్నేటి పాట'లో ఎండిన పెన్న ఒడ్డున ఒక పేద జంట బతుకును కావ్యం చేశాడు. ఆ కావ్యంలో కరువునేల ఖాళీనేల కాలేదు. ఆ దృష్టి మనకు ఇవాళ కూడా అవసరం.

మరి సమతుల్యం ఎలా? సోలారు వద్దనడం పరిష్కారం కాదు. బొగ్గు కొనసాగితే ఎడారీ మిగలదు, రాయలసీమా మిగలదు. ఎక్కడ పెట్టాలి, ఏ క్రమంలో పెట్టాలి అన్నదే ప్రశ్న. నాకు తెలిసినంతలో నాలుగు విషయాలు చెబుతాను.

మొదటిది, ఇదివరకే మనిషి వాడేసిన చోటు ముందు. ఇళ్ల కప్పులు, కర్మాగారాల కప్పులు, కాలువలు, జలాశయాలు. 2022లో రామగుండంలో బొగ్గు విద్యుత్ కేంద్రపు జలాశయం మీదనే 100 మెగావాట్ల తేలియాడే సోలారు కేంద్రం పూర్తయింది. ఒక్క ఎకరం బీడు కూడా పోలేదు. ఐతే కప్పులూ జలాశయాలూ కలిసినా దేశం అవసరమంతా తీరదు. పెద్ద పార్కులు కొన్ని కావలసిందే. ఈ మాట దాచి మాట్లాడడం నిజాయితీ కాదు.

రెండవది, ముందు పటం, ఆ తరువాత ప్లాంటు. ఈ పాఠం అమెరికాలోని మొహావే ఎడారి నేర్పింది. అక్కడ ఐవన్‌పా సోలారు కేంద్రం కడుతుండగా, అనుకున్నదానికంటే ఎక్కువ ఎడారి తాబేళ్లు బయటపడి 2011లో కొంతకాలం పని ఆపవలసి వచ్చింది. 2014లో అది పనిచేయడం మొదలుపెట్టింది. ఆ తరువాత, 2016లో, కాలిఫోర్నియా ఎడారి ప్రాంతంలోని సుమారు 1 కోటి 8 లక్షల ఎకరాల కేంద్రప్రభుత్వ భూమికి ఒక ప్రణాళిక తయారైంది. విద్యుత్ కేంద్రాలకు అనువైనవిగా 3 లక్షల 88 వేల ఎకరాలు గుర్తించి, దానికి ఎన్నో రెట్ల నేలను సంరక్షణకు విడిచారు. మన దగ్గర ఆ పటం గీసేటప్పుడు పిట్ట తిరిగే దారితో పాటు మంద తిరిగే దారి కూడా గీయాలి. ఓరణ్, గోచర్, మేతబీడు, మందబయలు అన్న పేర్లు అందులో ఉండాలి. గీసేవాళ్లలో కాపరి కూడా ఉండాలి.

మూడవది, పలక కింద నేలను బతకనివ్వడం. జోధ్‌పూర్‌లోని కేంద్ర శుష్కప్రాంత పరిశోధన సంస్థ పలకల వరసల మధ్య పెసర వంటి పంటలు వేసి, పలకల మీద పడే వాననీటిని తొట్టెల్లోకి పట్టి, ఆ నీటినే కడగడానికి వాడే పద్ధతిని ప్రయోగించి చూసింది. నేలంతా గీకి చదును చేయకుండా, గడ్డిని వదిలి, గొర్రెల్ని లోనికి రానిస్తే కంచెకు అర్థం మారుతుంది. దీనికి ఎత్తయిన స్తంభాలు కావాలి, ఖర్చు పెరుగుతుంది. ఆ ఖర్చు విద్యుత్తు ధరలో పడాలా, కాపరి కడుపు మీద పడాలా అని అడగాలి. ఇప్పుడు చౌకగా దొరుకుతున్న విద్యుత్తు ధరలో ఒక భాగాన్ని కాపరి తన మేతతో కడుతున్నాడు.

నాలుగవది, ఉమ్మడి నేలకు ఉమ్మడి వాటా. పట్టా ఉన్నవాడికి కౌలు ఇచ్చినట్లే, ఊరుమ్మడి బీడు మీద పార్కు వస్తే ఊరి పేర వాటా ఉండాలి. అందులో కాపరికీ కూలీకీ భాగం ఉండాలి. గ్రామసభ ఒప్పుకోకుండా బీడును ఖాళీగా రాసే అధికారం ఎవరికీ ఉండకూడదు.

ఈ నాలుగింటినీ అమలు చేసేది ప్రభుత్వాలూ, కోర్టులూ, ఉద్యమాలూ. మరి రచయిత చేయగలిగిందేమిటి? మాటను తిరిగి నింపగలడు. ఒక నేలకు జనం పెట్టుకున్న పేర్లు ఎన్ని ఉన్నాయో సేకరించి కథలోకి తేగలడు. మన రాయలసీమలో గుట్ట మీది పొదల నేలను కాపరులు 'అడివి' అంటారు. అధికారులు అడవి అనరు, ఎందుకంటే అందులో మానులు లేవు. ఎవరి నిఘంటువు సరైనది? విద్యార్థులు తమ ఊరి చుట్టూ ఉన్న బీళ్ల పేర్లు, వాటిలో మొలిచే గడ్డి పేర్లు, మంద దిగే చోట్ల పేర్లు రాసి పెట్టుకుంటే అది సాహిత్య పరిశోధనే అవుతుంది. రేపు ఒక సర్వే కాగితంలో 'ఖాళీ' అన్న మాట పడబోయినప్పుడు ఆ జాబితా సాక్ష్యం కూడా అవుతుంది. జైసల్మేర్ ప్రజలు ఓరణ్ అన్న పేరును మరిచిపోయి ఉంటే సుప్రీంకోర్టు ఆదేశించడానికి ఏమీ మిగిలేది కాదు.

సూర్యుడు అందరివాడు అని తేలిగ్గా అంటాం. సూర్యుడి కింది నేల కూడా కొందరిదే కాకుండా ఉండాలంటే, ఆ నేల మీద ఎవరున్నారో ముందు చెప్పగలగాలి. ఆ చెప్పడం మన పని.